మెరాటా మీటా చలనచిత్ర కృషి : మౌఖిక సంప్రదాయ దృష్టి

చలనచిత్ర దర్శకురాలిని గూర్చిన వ్యాసమునకు తెలుగు శాఖాపత్రికలో చోటేల యని పాఠకులలో కొందరైనను శంకింపవచ్చును. ఆ శంక నిర్హేతుకము గాదు. మేము చలనచిత్ర విమర్శకులము గాము. జానపద వాఙ్మయమును బోధించుట మా వృత్తి. అయినను మౌఖిక వాఙ్మయమును సేకరించువానికిని, దానిని పాడి వినిపించినవారికిని గల సంబంధమెట్టిది? సేకరించినదానిపై హక్కెవరిది? అది తుదకు ఎచ్చటికి చేరవలెను? ఈ ప్రశ్నలకు సిద్ధాంతగ్రంథములందు గాక తన వృత్తిజీవితమందే సమాధానము వెదకినది న్యూజీలాండు దేశపు మావోరీ దర్శకురాలు, చిత్రకథా రచయిత్రి మెరాటా మీటా. ఆమె కృషిని ఈ దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట ఆ జాతిని, ఆ భాషను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మావోరీలు న్యూజీలాండు దీవుల ఆదిమవాసులు. 1840 ఫిబ్రవరి 6వ తేదీన వారి నాయకులకును, బ్రిటిషు రాణి ప్రతినిధులకును వైటాఙి యనుచోట ఒక సంధి జరిగెను. ఆ సంధిపత్రమునకు ఆంగ్లపాఠమొకటియు, మావోరీ పాఠమొకటియు కలవు. సార్వభౌమాధికారము రాణికి సంక్రమించినదని ఆంగ్లపాఠము చెప్పుచుండగా, మావోరీ పాఠమున ఆ చోట వాడబడిన 'కావనటాఙ' యను మాటకు పరిపాలన యను అర్థము మాత్రమే వచ్చును. ఒక్క అనువాదపదము చుట్టును నూట ఎనుబది యేండ్లకు పైగా వివాదము నడచుట భాషాధ్యాపకులు గమనింపదగిన విషయము. యుద్ధములవలన కొంత, చట్టములవలన కొంత, మావోరీల భూములు క్రమముగా వారి చేజారినవి. వారి భాషలో 'ఫెనువా' యనగా భూమి. మావి, అనగా ప్రసవానంతరము పడు మాయ, యనియు ఆ పదమునకే అర్థము. ఆ మావిని స్వస్థలమున నేలలో పాతిపెట్టుట వారి ఆచారము. కావున భూమి పోయినదని మావోరీ పలికినపుడు ఆ మాటకు గల బరువు అనువాదమునకు లొంగునది గాదు. మన వర్ణమాలలో పేరునకు మాత్రము మిగిలిన ఙకారము వారి భాషలో పదాదిని సైతము నిలుచును. ఇట వారి పేర్లను ఆ అక్షరముతోనే వ్రాసితిమి. పాపము, దానికిని చిరకాలమునకు పని దొరకినది.

మెరాటా మీటా 1942 జూన్ 19వ తేదీన ఉత్తరదీవి తీరమున బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతమందలి మాకెటూ గ్రామమున జన్మించెను. ఙాటి పికియావో, ఙాయ్ టె రాఙి యనునవి ఆమె తెగలు. తొమ్మండ్రు సంతానములో ఆమె మూడవది. పెద్దల నోట వంశావళులను, గాథలను వినుచు మావోరీ పల్లెజీవితమున పెరిగినది. పిదప కావెరావ్ పట్టణపు ఉన్నతపాఠశాలలో ఎనిమిదేండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసెను. చదువున వెనుకబడినవారని పాఠశాల తీర్మానించిన మావోరీ, పసిఫిక్ దీవుల బాలబాలికలే ఆమె విద్యార్థులు. వ్రాతలో మూగలైన ఆ పిల్లలు చిత్రలేఖనమునందును, చలనచిత్ర, వీడియో సాధనములయందును మాటకారులగుటను ఆమె కనుగొనెను. ఆమెకు కెమెరాతో తొలిపరిచయము ఇట్లు తరగతిగదిలో కలిగినది. ఈ అంశము అధ్యాపకులమైన మనకు ఉపేక్షింపరానిది.

రెండవ పరిచయము చేదైనది. 1970 తరువాతి యేండ్లలో మావోరీలను చిత్రీకరింప వచ్చిన బృందములకు, వారిలో పలువురు విదేశీయులు, ఆమె దుబాసిగా, మధ్యవర్తిగా పనిచేసెను. దర్శకుడు వచ్చును, ఆమె ఇంటింటికి పోయి పెద్దలను ఒప్పించును, పెద్దలు ఆమె ముఖము చూచి నోరువిప్పుదురు, చిత్రము తయారై దేశాంతరము పోవును. అందు తమవారు ఎట్లు చూపబడిరో నిర్ణయించుటకు మాత్రము ఆమెకు అధికారము లేదు. మాట ఇచ్చినది ఆమె. మాట నిలుపవలసిన స్థానమున ఉన్నది మరియొకరు. ఈ అసమత్వమునుండియే మీటా దర్శకత్వము పుట్టినదని మా అభిప్రాయము. కళాతృష్ణకంటె ఇచ్చిన మాటను గూర్చిన కలతయే ఆమెను కెమెరా వెనుకకు నడిపినది.

ఆమె పేరు దేశమంతట తెలియుటకు కారణమైన తొలి చిత్రము 'బాస్టియన్ పాయింట్ : డే 507'. ఆక్లండు నగరమున సముద్రతీరపు గుట్టయైన బాస్టియన్ పాయింటు ఙాటి ఫాటువా తెగవారి భూమి. మిగిలిన ఆ కొద్ది నేలపై సంపన్నులకు గృహములు కట్టింప ప్రభుత్వము తలపెట్టగా, 1977 జనవరి 5వ తేదీన జో హాక్ నాయకత్వమున తెగవారు అచ్చట బైఠాయించిరి. 506 దినములు గడచిన పిదప, 1978 మే 25న, పోలీసులు సైన్యసహాయముతో వచ్చి 222 మందిని నిర్బంధించిరి. చిత్రనామమందలి 507 ఆ దినసంఖ్యయే. మీటా, లియాన్ నార్బీ, గెర్డ్ పోల్‌మన్ కలిసి నిర్మించిన ఈ చిత్రము 1980లో వెలువడెను. నిడివి అరగంటకు లోపు. వార్తాసంస్థల కెమెరాలు సామాన్యముగా పోలీసు వరుసల వెనుక నిలుచుండును. ఈ చిత్రమున కెమెరా తొలగింపబడువారి నడుమ నిలిచియున్నది. ప్రేక్షకుడు తనవైపునకు నడచివచ్చు పోలీసులను చూచును. దృక్కోణమను మాటను కథానిక పాఠములందు మనము తరచు వాడుచుందుము. ఆ మాటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము మాకు దొరకలేదు. వైటాఙి న్యాయసభ విచారించి 1987లో నివేదిక నొసగగా, మరుసటియేట ప్రభుత్వము ఆ భూమిని తెగకు తిరిగి ఇచ్చుటకు అంగీకరించెను.

1982లో మాఙెరె వంతెన కార్మికుల వివాదముపై పోల్‌మన్‌తో కలిసి తీసిన 'ది బ్రిడ్జ్'ను ఇట ప్రస్తావించి విడుతుము. ఆ వివాదమున కార్మికుల పక్షమున మాటలాడిన ఆన్‌జాక్ వాలెస్ అనంతరము నటుడై మీటా కథాచిత్రమున నాయకుడగుట మాత్రము గుర్తుంచుకొనవలెను.

1981 జూలై మొదలు సెప్టెంబరు వరకు దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు న్యూజీలాండున పర్యటించెను. జాతివివక్షను రాజ్యధర్మముగా పాటించు దేశపు జట్టును ఆహ్వానింపరాదని వేలకొలది జనులు వీథులకెక్కిరి. జూలై 25న హామిల్టనులో నిరసనకారులు క్రీడారంగమును ఆక్రమింపగా ఆట నిలిచిపోయెను. సెప్టెంబరు 12న ఆక్లండులో కడపటి ఆట జరుగుచుండగా చిన్న విమానమొకటి మైదానముపై పిండిపొట్లములను కురిపించెను. రగ్బీ ఆ దేశమున దాదాపు మతము వంటిది. ఒక్కొక్క కుటుంబము రెండుగా చీలినది. ఈ ఉద్యమమంతయు మీటా నిర్మించిన 'పటు!' చిత్రమున కలదు. పటు యనగా మావోరీ భాషలో కొట్టుట, కొట్టు ఆయుధము; మన పటుశబ్దముతో దీనికెట్టి సంబంధమును లేదు.

'పటు!' ఒక్కరి కెమెరాతో తీయబడినది గాదు. నగరనగరమున పలువురు ఛాయాగ్రాహకులు తీసిన దృశ్యములను ఆమె ఒకచోట కూర్చెను. ఆ కూర్పుపని సాగుచుండగా విచిత్రమైన చిక్కు ఏర్పడెను. ఫిల్ము చుట్టలలోని ముఖములు న్యాయస్థానములందు సాక్ష్యములు కాగలవు. నమ్మి కెమెరా ముందు నిలిచినవారిని ఆ ఫిల్మే పట్టి ఇచ్చు ప్రమాదము కలిగినది. పోలీసులకు చిక్కకుండ చుట్టలను దాచుచు, ధనము చాలక ఇబ్బందిపడుచు, చిన్నబిడ్డల తల్లియై ఆమె ఆ చిత్రమును 1983లో పూర్తిచేసెను. ఆనీ కాలిన్స్ దానికి కూర్పరి. దూరదేశపు జాతివివక్షను నిరసించువారిని మావోరీలు ఆ చిత్రమున ఒక ప్రశ్న అడుగుచున్నారు : అచ్చటి అన్యాయమునకై ఇంత కదిలిన మీరు ఇచ్చటి అన్యాయమునకు ఏల కదలరైతిరి? చిత్రమునకు ఆయుష్షు పోసినది ఈ ప్రశ్నయే. లేనియెడల అది ఆనాటి సంఘటనల పట్టికగా మిగిలియుండెడిది.

ఆ యేటనే జెఫ్ మర్ఫీ దర్శకత్వమున వెలువడిన 'ఊటు' చిత్రమున ఆమె ఒక పాత్ర ధరించెను. మర్ఫీ ఆమె భర్త. నటిగా ఆమె స్థానమును గూర్చి చెప్పుటకు మాకు అధికారము లేదు.

1988లో వచ్చిన 'మౌరి' ఆమె రచించి, దర్శకత్వము వహించిన కథాచిత్రము. మావోరీ స్త్రీ యొక్కతెయే రచనను, దర్శకత్వమును నిర్వహించిన తొలి పూర్తినిడివి కథాచిత్రము ఇదియే. 'ఒక్కతెయే' యను విశేషణమును జాగ్రత్తగా వాడితిమి; ఏలయన రమాయ్ హేవర్డ్ అను మావోరీ మహిళ 1972లోనే 'టు లవ్ ఎ మావోరీ' చిత్రమును తన భర్తతో కలిసి రూపొందించియుండెను. మావోరీ పురుషుడైన బారీ బార్క్లే తీసిన 'ఙాటి' 1987లో విడుదలయ్యెను. ప్రథమ శబ్దమును చూచినంతనే తొందరపడుట మన సాహిత్యచరిత్రలకు అలవాటైన దోషము. దానిని ఇటకు కొనిరాదలచలేదు.

మౌరి యనగా ప్రాణులయందును వస్తువులయందును నెలకొన్న జీవశక్తి. చిత్రము ఒక పురుటితో ఆరంభమై ఒక మరణముతో ముగియును. పల్లెలో కారా యను వృద్ధురాలు, ఆమెను అంటిపెట్టుకొని తిరుగు అవటేయా యను బాలిక, మరియొకరి పేరును, వంశమును తనవిగా చెప్పుకొని ఊరికి వచ్చిన రేవి యను పురుషుడు ముఖ్యపాత్రలు. కథాసూత్రమంతయు రేవి అబద్ధములో కలదు. సొత్తునో, ధనమునో అపహరించిన కథలు లోకమున కోకొల్లలు. ఇతడు అపహరించినది వంశావళి. మావోరీ సమాజమున వంశావళిని 'ఫాకపాపా' యందురు. ఎవరి సంతతివాడవో, ఏ కొండకు, ఏ నదికి చెందినవాడవో చెప్పుకొనుటయే అచ్చట వ్యక్తి పరిచయము. అట్టిచోట పరాయి ఫాకపాపాను ధరించినవాడు ప్రాణమున్నను మౌరి లేనివాడగును. గోత్రప్రవరలు చెప్పుకొను మన దేశమున ఈ అపరాధపు లోతును గ్రహించుట కష్టము గాదనుకొందుము.

పాత్రధారుల ఎంపిక ఇంకను విచారణీయము. రేవి పాత్రను వంతెన కార్మికుల నాయకుడైన వాలెస్ ధరించెను. కారాగా నటించినది ఈవా రికార్డ్. యుద్ధకాలమున విమానాశ్రయమునకని ప్రభుత్వము తీసికొన్న తన తెగభూమి యుద్ధానంతరము తిరిగి రాక గోల్ఫు మైదానము కాగా, దానికై రాగ్లన్‌లో పోరాడి 1978లో నిర్బంధింపబడిన నాయకురాలు ఆమె. నేలను విడువనని ఆ వృద్ధురాలు తెరపై పలుకుచుండగా అది నటనయని ఆ దేశపు మావోరీ ప్రేక్షకుడు తలచియుండడు. పాత్రకును పాత్రధారికిని నడుమ గీతను మీటా బుద్ధిపూర్వకముగా పలుచన చేసినదని మా ఊహ.

ఈ చిత్రము నిర్దుష్టమని మేము చెప్పము. రేవిని పోలీసులు తరుము ఘట్టములు వాడుక చిత్రముల ఫణితిని తలపించుచున్నవి. శ్వేతజాతి భూస్వామి పాత్ర ద్వేషమునకు ప్రతిమగా నిలిచినదేగాని మనిషిగా రూపుకట్టలేదు. కాని కథ సూటిగా సాగదను ఆక్షేపణను మేము అంగీకరింపజాలము. కథ నడుమ పాట, పాట నడుమ వంశవర్ణనము, పిదప మరల కథ : ఇది మన బుర్రకథలో, ఒగ్గుకథలో విన్న నడకయే. ఈ అంశమున మా మాట ఊహామాత్రము గాదు. 1992లో ప్రచురింపబడిన 'ది సోల్ అండ్ ది ఇమేజ్' అను వ్యాసమున మీటాయే మావోరీ చలనచిత్రమును మౌఖిక సంప్రదాయపు కొనసాగింపుగా భావించి చర్చించియున్నది.

మాకు మిక్కిలి ప్రియమైనది 1990 నాటి 'మానా వాకా'. దీని చరిత్రను కొంత విస్తరించి చెప్పవలెను.

వైటాఙి సంధికి నూరేండ్లు నిండు 1940 నాటికి ప్రాచీన పద్ధతిని పెద్ద యుద్ధపు పడవలను నిర్మింపవలెనని వైకాటో ప్రాంతపు నాయకురాలు టె పూయెయా హేరాఙి సంకల్పించెను. పడవను వారు వాకా యందురు. 1937 మొదలు, అడవిలో మహావృక్షములను ఎన్నుకొనుట, మంత్రములు పఠించి కూల్చుట, మాను తొలిచి చెక్కుట మొదలగు పనులనన్నిటిని చిత్రీకరింపుమని ఆమె మాన్లీ యను ఛాయాగ్రాహకుని నియమించెను. చిత్రీకరింపుమని అడిగినది చిత్రింపబడు జాతియే యగుట ఇచ్చటి విశేషము. ధనాభావమున ఆ చిత్రము పూర్తికాలేదు. అగ్గి తగిలిన భగ్గుమను నైట్రేటు ఫిల్ము చుట్టలు దశాబ్దులు మూలబడియుండెను. టె పూయెయా 1952లో మరణించెను. పడవలు చెక్కిన చేతులును క్రమముగా మట్టిలో కలిసినవి.

చుట్టలను న్యూజీలాండు చిత్రభాండాగారము ఉద్ధరించిన పిదప, వానిని చిత్రముగా రూపొందించు బాధ్యత మీటాకు అప్పగింపబడెను. ఆమె ఆ చుట్టలను రాజధానిలోని స్టూడియోకు కొనిపోలేదు. కూర్పు యంత్రమునే ఙారువావాహియా పట్టణమున టె పూయెయా నెలకొల్పిన టూరాఙవాయెవాయె సభాప్రాంగణమునకు చేర్పించి, కూర్పరి ఆనీ కాలిన్స్‌తో కూడి అచ్చటనే పనిచేసెను. ఫిల్మునకు శబ్దము లేదు. దానిని కొత్తగా కూర్చవలసి వచ్చెను. ఎవ్వరో తీసి ఆపివేసిన చిత్రమునకు, తాను చూడని కాలమునకు, దర్శకురాలు కావలసి వచ్చినపుడు ఆమె తన ముద్రను ముందునకు నెట్టలేదు. పరిష్కర్త ధర్మము అట్టిదే గదా. శిథిలతాళపత్రములో లుప్తమైన పాదమును పూరించు పండితుడు కవివలె గాక కవికి లేఖకునివలె మెలగవలెను. మీటా చిత్రములలో ఆమె సంతకము కనబడనిది ఇదియే. ఆమె దర్శకత్వమును గ్రహింపగోరువారు మొదట చూడవలసినదియు ఇదియే.

ఇట మన సంగతి కొంత. 1940 ప్రాంతమున క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నిజాము రాజ్యమున చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను పరిశీలించి గ్రంథములు వ్రాసెను. ఛాయాచిత్రములు, చలనచిత్రములు తీసెను. ఆ సామగ్రి లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రముగా నున్నది. ఆయన శ్రద్ధను ఎవ్వరును తక్కువ చేయజాలరు. అయినను ఆ చిత్రములకు మాట ఏ ఊరి ఏ గోండు వృద్ధుని నోట రావలెనను ప్రశ్న 'మానా వాకా' చూచిన పిదప మమ్ము విడువలేదు.

ఇతరులను ప్రశ్నించుట సులభము. మేము పరిశోధన చేయు దినములలో పాలమూరు ప్రాంతపు పల్లెలో ఒక ముదుసలి రెండు పూటలు నాటుపాటలు పాడి మా ధ్వనిగ్రాహకమును నింపినది. లేచివచ్చుచుండగా, "నా గొంతు పట్టుకపోతున్నవు గద బిడ్డా, మల్ల మా పిల్లలకెట్ల ఇనవడ్తది?" అని అడిగినది. పంపుదుమని మాట ఇచ్చితిమి. సిద్ధాంతగ్రంథమున ఆ పాటలకు అనుబంధమున చోటు దొరికినది, పట్టము వచ్చినది, ఆమె గొంతు మాత్రము ఆ పల్లెకు తిరిగి పోలేదు. అనుబంధమున ఆమె పేరునకు బదులు 'గాయని, సుమారు 70 సం.' అని వ్రాసితిమి. ఆనాటి పద్ధతి అదియే యని సమాధానపడవచ్చును. మీటా ఆ పద్ధతితో సమాధానపడలేదు.

'మౌరి' తరువాత ఆమె మరియొక కథాచిత్రమునకు దర్శకత్వము వహింపలేదు. పట్రీషియా గ్రేస్ రచించిన 'కజిన్స్' నవలను చిత్రముగా మలచవలెనని ఆమె చేసిన ప్రయత్నము ఫలింపలేదు. 2001లో చిత్రకారుడు రాల్ఫ్ హోటెరెపై 'హోటెరె' చిత్రమును తీసెను. హవాయీ విశ్వవిద్యాలయమున చలనచిత్రవిద్యను బోధించెను. రోటుమా దీవిపై విల్సోని హెరెనికో తీసిన 'ది లాండ్ హాజ్ ఐస్'కు, టైకా వైటీటీ 2010లో వెలువరించిన 'బాయ్'కి నిర్మాణబాధ్యతలందు పాలుపంచుకొనెను. ఈ కాలమును విరామముగా కొందరు లెక్కింపవచ్చును. ఉపాధ్యాయినిగా మొదలైన వ్యక్తి మరల ఉపాధ్యాయిని యగుటను విరామమనుట మాకు సమ్మతము గాదు. అయినను ధనము, అవకాశము సమకూడియుండిన ఇంకను రెండు మూడు కథాచిత్రములు మనకు లభించియుండెడివన్న విచారము కలుగకపోదు. 2010 మే 31వ తేదీన ఆక్లండులో ఆమె హఠాత్తుగా మరణించెను. పిల్లలపై జరుగు హింసను గూర్చి ఆమె తీయుచుండిన 'సేవింగ్ గ్రేస్' మరణానంతరము, 2011లో, వెలువడెను.

'మౌరి' తరువాత మావోరీ స్త్రీల దర్శకత్వమున మరియొక పూర్తినిడివి కథాచిత్రము వచ్చుటకు 2017 వరకు పట్టినది. ఎనమండుగురు మావోరీ మహిళలు ఒక్కొక్క భాగమును తీసి కూర్చిన 'వారు' ఆ చిత్రము. ఆ మాటకు వారి భాషలో ఎనిమిది యని అర్థము. మీటాకు సాధ్యపడని 'కజిన్స్'ను ఐన్‌స్లీ గార్డినర్, బ్రయర్ గ్రేస్-స్మిత్ కలిసి 2021లో వెలువరించిరి. 'బాయ్' నిర్మాణమున మీటాకు తోడైనది ఈ గార్డినరే. ఆదిమజాతుల దర్శకురాండ్రకై అమెరికాలోని సండాన్స్ సంస్థ 2016లో మీటా పేర ఒక సహాయవేతనమును నెలకొల్పెను.

ఆమె కడగొట్టు కుమారుడు హెపెరి మీటా చిత్రభాండాగారమున ఉద్యోగిగా పనిచేసెను. తాను పుట్టకముందటి తల్లిని అతడు భాండాగారపు చుట్టలలో వెదకి, తోబుట్టువుల జ్ఞాపకములతో జతపరచి, 2018లో ఆమె జీవితముపై చిత్రమును రూపొందించెను. తల్లి పోరాటములకై ఇంటిలో బిడ్డలు చెల్లించిన వెలను అతడందు దాచలేదు. పెద్దబిడ్డలు ఆ దినములను తలచుకొని కెమెరా ముందు మాటలాడుదురు. అడుగువాడు వారి తమ్ముడే.